ఆఫీసులో ఒక బ్రౌజర్, ఇంట్లో ఇంకొకటి: అసలు ఎంచుకుంటున్నది ఎవరు?

మీరడిగింది ఇదీ. ఇంట్లో ఏళ్ల తరబడి క్రోమ్ వాడుతున్నారు. కొత్త ఉద్యోగంలో చేరగానే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వడం లేదు. రెండూ లోపల క్రోమియం అనే ఒకే ఇంజన్ మీద కట్టినవే కదా, మరి ఈ పట్టింపు ఎందుకు? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ సొంత గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకుంటే (అంటే ఒకచోట సేవ్ చేసిన పాస్‌వర్డ్లు అన్నిచోట్లా కనిపించేలా) కొంపలేమైనా మునుగుతాయా?

రెండోదానికి ముందే చెప్తాను: మునుగుతాయి. ఒక పెద్ద కంపెనీకి అలాగే మునిగింది. ఆ సంగతి కింద వస్తుంది. మొదటిదానికి మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను 2003లో విజయవాడలో ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. తర్వాత కొన్నేళ్లు ఆడిటర్ల ఆఫీసులకు సిస్టమ్స్ చూశాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ డెస్క్‌టాప్ సపోర్టులో ఉన్నాను. ఇన్నేళ్లలో "నాకు నచ్చింది కాబట్టి ఆఫీసులో ఈ బ్రౌజర్ వాడుతున్నాను" అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆఫీసులో బ్రౌజర్‌ని మనిషి ఎంచుకోడు. ఎప్పుడో పదేళ్ల కిందట ఎవరో రాసిపెట్టి వెళ్లిపోయిన సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది.

నెట్ సెంటర్ రోజుల్లో నీలం రంగు 'ఇ' బొమ్మే ఇంటర్నెట్. "నెట్ ఓపెన్ చెయ్యి బాబూ" అంటే దాని మీద రెండుసార్లు క్లిక్ చెయ్యడమే. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, విండోస్ ఎక్స్‌పీతో పాటే ఊరూరా చేరిపోయింది. ఒక దశలో ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా వాడింది ఎక్స్‌ప్లోరరే. కంపెనీలు తమ జీతాల లెక్కలు, స్టాకు, సెలవు చీటీలు అన్నీ వెబ్ పేజీల్లోకి మార్చుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. అప్పుడు మైక్రోసాఫ్ట్ దగ్గర యాక్టివ్ఎక్స్ అని ఒకటుండేది. వెబ్ పేజీ నుంచే నేరుగా విండోస్ లోపలికి చెయ్యి పెట్టి, ఫైలు రాయడం, ప్రింటర్ నడపడం, స్కానర్ తిప్పడం చేయించే పద్ధతి అది. పని సులువు, ప్రమాదం కూడా అంతే సులువు. పైగా ఇంకే బ్రౌజర్లోనూ నడవదు. ప్రోగ్రామర్లు దాంతోనే కట్టారు, కట్టినవాళ్లు అమెరికాకో ఇంకో కంపెనీకో వెళ్లిపోయారు, సోర్స్ కోడ్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఇంకేముంది, ఆ సాఫ్ట్‌వేర్ బతికున్నంత కాలం ఎక్స్‌ప్లోరర్ కూడా బతకాల్సిందే.

ఇల్లు వేరు దారి పట్టింది కూడా అప్పుడే. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ఒకే కిటికీలో పది పేజీలు ట్యాబులుగా తెరవడం ఎక్స్‌ప్లోరర్‌కి 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా లేదు. కానీ మా ఇంట్లో ఫైర్‌ఫాక్స్ ఎక్కడానికి కారణం ట్యాబులు కాదు, పేపరు. అప్పట్లో తెలుగు దినపత్రికల సైట్లు యూనికోడ్‌లో (అంటే ఏ సిస్టమ్‌లోనైనా అక్షరం ఒకేలా కనిపించే ఉమ్మడి పద్ధతిలో) ఉండేవి కావు. ఎవరి సొంత ఫాంటు వాళ్లది. ఎక్స్‌ప్లోరర్లో అయితే ఆ ఫాంటు దానంతటదే దిగి వార్త కనిపించేది. మిగతావాటిలో చూస్తే అన్నీ పిచ్చి గీతలు. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అని ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, వచ్చింది. పేజీ తెరవగానే ఆ పిచ్చి గీతల్ని చక్కటి యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించేది. వార్తని కాపీ చేసి అన్నయ్యకి మెయిల్లో పంపొచ్చు, వెతుక్కోవచ్చు. ఆ రోజుల్లో బ్లాగులు రాసిన తెలుగువాళ్లని అడగండి, చాలామంది ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నది ఎందుకో చెప్తారు. (ఎక్స్‌పీలో కంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెట్టకపోతే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడేవి, అది ఇంకో పెద్ద భారతం.)

అంటే 2005 నాటికే నా వరకు రెండు బ్రౌజర్లు. పగలు పనికి ఎక్స్‌ప్లోరర్, రాత్రి ఇంటికి ఫైర్‌ఫాక్స్. పగటిది బలవంతం, రాత్రిది ఇష్టం.

ఆ బలవంతం ఎంత దూరం పోయిందో చూడాలంటే ఆడిటర్ గారి ఆఫీసుకి రావాలి. ఐటీ చట్టం 2000తో మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత వచ్చింది. పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ గుచ్చి, పిన్ కొట్టి, టెండరు మీదో రిటర్ను మీదో సంతకం పెట్టాలి. వెబ్ పేజీకి ఆ టోకెన్‌తో మాట్లాడే దారి కావాలి కదా, దానికి చాలా పోర్టళ్లు యాక్టివ్ఎక్స్‌నో, పేజీ లోపల నడిచే జావా యాప్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌నో నమ్ముకున్నాయి. నేను చూసిన ప్రతి ఆడిటర్ ఆఫీసులోనూ ఒక మూల పాత సిస్టమ్ ఒకటి ఉండేది. దాని మానిటర్ మీద కాగితం అంటించి ఉండేది: "అప్‌డేట్ చేయరాదు." జావా అప్‌డేట్ కావాలా అని అడిగితే 'లేటర్' కొట్టాలి. ఎక్స్‌ప్లోరర్ ఎనిమిదో తొమ్మిదో, ఏదుంటే అదే ఉండాలి. ట్రస్టెడ్ సైట్లలో పోర్టల్ పేరు చేర్చి, పాప్అప్ బ్లాకర్ తీసేసి, కంపాటిబిలిటీ వ్యూ పెట్టి, దణ్ణం పెట్టుకుని క్లిక్ చెయ్యాలి. టెండరు గడువు సాయంత్రం అయిదింటికైతే నాలుగున్నరకి నాకు ఫోను. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు మంచికే కదా అని ఆ సిస్టమ్‌లో జావా అప్‌డేట్ కొట్టాడు. ఆ రోజు ఆ ఆఫీసులో ఎవరూ భోజనం చెయ్యలేదు.

సంతకం ఆ సిస్టమ్‌లో, మిగతా బ్రౌజింగ్ అంతా పక్క సిస్టమ్‌లో ఫైర్‌ఫాక్స్ మీద. అంటే ఒకే ఆఫీసులో కూడా పనిని బట్టి రెండు. తర్వాత క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో, జావా యాప్లెట్లని నడిపే పాత తరహా ప్లగిన్లను పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో, 52వ వెర్షన్‌తో, ఫ్లాష్ ఒక్కటి మినహా అదే పని చేసింది. దాంతో జావా యాప్లెట్‌కి మిగిలిన గూడు మళ్లీ ఎక్స్‌ప్లోరరే. లోకమంతా దాన్ని వెక్కిరిస్తున్న రోజుల్లో మా ఆడిటర్ల ఆఫీసుల్లో దానికి గిరాకీ పెరిగింది.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక పద్ధతి మారింది. సంతకం పెట్టించే ఎంసైనర్ అనే చిన్న ప్రోగ్రామ్ సిస్టమ్‌లోనే విడిగా నడుస్తుంది, వెబ్ పేజీ దాంతో మాట్లాడుతుంది. ఏ బ్రౌజర్ అయినా సరే అన్నమాట. అన్నమాటే గానీ, 127.0.0.1:1585 అని అడ్రస్ కొట్టి, ఎర్ర హెచ్చరిక వస్తే 'అడ్వాన్స్‌డ్' నొక్కి, ముందుకు వెళ్లడం తెలియని ఆడిటర్ ఆఫీసు అసిస్టెంట్ ఉండడు. అది ఒక బ్రౌజర్లో ఒకసారి చేస్తే ఇంకో బ్రౌజర్లో మళ్లీ చెయ్యాలి. అందుకని ఏది పనిచేసిందో దాన్నే పట్టుకు వేలాడతారు. "మా సార్‌కి జీఎస్టీ అంటే క్రోమే" అనడం మీరు విని ఉంటారు. ఇష్టం వల్ల కాదు, ఆ రోజు దాంట్లో పనైంది కాబట్టి.

మనమే నయం. దక్షిణ కొరియాలో 1990ల చివర బ్యాంకింగ్ భద్రతకి సొంత ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని, దాన్ని యాక్టివ్ఎక్స్‌తో ముడేశారు. బ్యాంకు పనికైనా, ఆన్‌లైన్లో చొక్కా కొనాలన్నా ఎక్స్‌ప్లోరరే కావాల్సి వచ్చేది. ఇల్లు, ఆఫీసు తేడా లేకుండా దేశం దేశమంతా ఒకే బ్రౌజర్‌లో ఇరుక్కుపోయింది. ఆ పద్ధతిలో వాడిన ప్రభుత్వ గుర్తింపు డిజిటల్ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా తీసేసింది 2020 డిసెంబరులో.

ఇక పెద్ద కంపెనీల సంగతి. మీ ఐటీ వాళ్లు ఎడ్జ్ అని ఎందుకు పట్టుబడుతున్నారో చెప్పాలంటే రెండు మూడు లోపలి విషయాలు తెలియాలి. ఒకటి లాగిన్. పొద్దున విండోస్ పాస్‌వర్డ్ కొట్టారంటే, ఇంట్రానెట్ సైట్లు మళ్లీ అడక్కుండా తెరుచుకోవాలని ఆఫీసు కోరుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్ ఆ పని ఊరకే చేసేది. ఫైర్‌ఫాక్స్‌కి ఏ సైట్లని నమ్మాలో జాబితా చేత్తో రాసివ్వాలి. రెండోది ప్రాక్సీ. చాలా ఆఫీసుల్లో మీ హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని (ఇతరులు చదవలేకుండా మూటకట్టి వెళ్లేదాన్ని) మధ్యలో ప్రాక్సీ అనే సర్వర్ దగ్గర విప్పి, వైరస్ ఉందేమో చూసి, మళ్లీ కట్టి పంపుతారు. అందుకోసం కంపెనీ సొంత సర్టిఫికెట్ ఒకటి విండోస్‌లో పెడతారు. ఎక్స్‌ప్లోరర్, క్రోమ్ విండోస్‌లో ఉన్నదాన్ని నమ్ముతాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం సొంత సర్టిఫికెట్ల పెట్టె పెట్టుకుంది. అప్పట్లో విండోస్‌లో ఉన్నదాన్ని లెక్క చేసేది కాదు. దాంతో ఆఫీసులో ఫైర్‌ఫాక్స్ తెరిస్తే చాలు, ప్రతి సైటుకీ "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని గోల. నిజం చెప్పాలంటే అది చెప్పేది కరెక్టే, మధ్యలో ఒకడు విని పంపుతున్నాడు! కానీ సపోర్ట్ డెస్కులో కూర్చున్నవాడికి రోజుకి నలభై టికెట్లు. తర్వాత విండోస్ సర్టిఫికెట్లని కూడా నమ్మే సెట్టింగ్ పెట్టారు, 2018 మేలో 60వ వెర్షన్ నుంచి గ్రూప్ పాలసీ (ఐటీ వాళ్లు ఒకేచోట నుంచి అన్ని సిస్టమ్స్‌కీ సెట్టింగులు పెట్టే పద్ధతి) కూడా ఇచ్చారు. అప్పటికే చాలా ఆఫీసులు ఫైర్‌ఫాక్స్‌ని వదిలేసుకున్నాయి.

క్రోమ్ ఆఫీసుల్లోకి వచ్చిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అది 2008లో వచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా, యూజర్ సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయిపోయేది. మేం తలుపుకి తాళం వేసుకుని కాపలా కూర్చుంటే కిటికీలోంచి దూకి వచ్చింది. ఒక ఏడాది ఆడిట్ చేస్తే, మా అనుమతి లేకుండా సగానికి పైగా సిస్టమ్స్‌లో క్రోమ్ ఉంది. ఇంట్లో అలవాటైన చెయ్యి ఊరుకోదుగా. చివరికి మేమే దిగొచ్చి అధికారికంగా పెట్టాం. ఇల్లే ఆఫీసుని మార్చిన సందర్భం నా అనుభవంలో అదొక్కటే.

మళ్లీ ఎడ్జ్ ఎందుకు వచ్చిందంటారా? 2020 జనవరి 15న మైక్రోసాఫ్ట్ తన పాత ఎడ్జ్‌ని పక్కన పెట్టి క్రోమియం మీద కట్టిన కొత్తది వదిలింది. దాంట్లో ఐఈ మోడ్ అని ఒకటి పెట్టింది. ఏ సైట్లు పాత పద్ధతిలో తెరవాలో ఐటీ వాళ్లు జాబితా రాసిపెడితే, ఆ సైటు వరకు ట్యాబు లోపల పాత ఎక్స్‌ప్లోరర్ ఇంజన్ నడుస్తుంది. యూజర్‌కి పెద్దగా తేడా తెలియదు. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కి మద్దతు ఆపేసినా, ఐఈ మోడ్‌ని కనీసం 2029 దాకా నడుపుతామన్నారు. అంటే మీ కంపెనీలో ఎక్కడో ఒక మూల 2004 నాటి సెలవు చీటీ సాఫ్ట్‌వేర్ ఇంకా ఊపిరి పీలుస్తూ ఉండుంటుంది. మీరడిగిన "లోపల రెండూ క్రోమియమే కదా" అన్నదానికి జవాబు ఇదే. ఇంజన్ ఒకటే, కానీ ఐటీ వాళ్లు కొంటున్నది ఇంజన్ కాదు. విండోస్‌తో పాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఆఫీసు ఖాతాతోనే లాగిన్ అవుతుంది, పాత సైటు తెరుస్తుంది, అప్‌డేట్లు ఒకే చోట నుంచి చూసుకోవచ్చు. రెండో బ్రౌజర్‌ని అనుమతిస్తే ఈ చాకిరీ అంతా రెండింతలు.

ఇంట్లో సంగతికొస్తే, అక్కడైనా మనమే ఎంచుకుంటున్నామా అంటే నాకు అనుమానమే. ఎంచుకునేది ఫోను. ఆండ్రాయిడ్ ఫోను కొనగానే క్రోమ్ ఉంటుంది, పాస్‌వర్డ్లన్నీ దాంట్లోనే చేరతాయి, ఇంట్లో కంప్యూటర్ కొంటే ఆ పాస్‌వర్డ్లున్న చోటికే పోతాం. మా అమ్మకి బ్రౌజర్ అన్న మాట తెలియదు. "ఆ రంగుల చక్రం" అంటుంది. ఒకరోజు దాని బదులు వేరేది పెట్టి చూశాను. టీవీ సీరియల్ ఎపిసోడ్ దొరక్క సాయంత్రం నాకు అక్షింతలు పడ్డాయి.

తెలిసి మార్చుకునేవాళ్లలో నాకు ఎక్కువగా వినిపించే కారణం ప్రకటనలు. 2024 నుంచి క్రోమ్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపేస్తూ వచ్చింది, ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అందులో పోయింది. దాని తేలిక వెర్షన్ ఉంది గానీ అలవాటైనవాళ్లకి అది చాలడం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇప్పటికీ నడుస్తుంది. నా స్నేహితుల్లో నలుగురైదుగురు ఇంట్లో ఫైర్‌ఫాక్స్‌కి తిరిగొచ్చింది ఇందుకే. ఆఫీసులో వాళ్లకి ఆ బాధ లేదు, ఎక్స్‌టెన్షన్ పెట్టుకునే హక్కే లేదు కాబట్టి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నేను అసలు రాయాలనుకున్నది దీని గురించే.

2023 సెప్టెంబరు చివర్లో ఆక్టా అనే అమెరికన్ కంపెనీలోకి దొంగలు చొరబడ్డారు. అది చిన్నా చితకా కంపెనీ కాదు, వేరే కంపెనీలకి లాగిన్ సేవలు అమ్మేదే. అంటే తాళాలు చేసేవాడి ఇంట్లోనే దొంగలు పడ్డారు. విచారించి వాళ్లే చెప్పిన కారణం: ఒక ఉద్యోగి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో తన సొంత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యాడు. ఆఫీసులో వాడే ఒక సర్వీస్ ఖాతా (ఒక మనిషిది కాకుండా సిస్టమ్ పనులకి పెట్టుకునే ఖాతా) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ సొంత ఖాతాలో సేవ్ అయిపోయాయి. ఆ సొంత ఖాతానో, అతని సొంత పరికరమో దొంగల చేతిలో పడి ఉంటుందన్నది వాళ్ల అంచనా. 134 మంది కస్టమర్ల ఫైళ్లు బయటికి పోయాయి, అందులో అయిదుగురి సెషన్లని, అంటే అప్పటికే లాగిన్ అయి ఉన్నవాటిని, దొంగలు వాడుకున్నారు. దాని తర్వాత ఆఫీసు ల్యాప్‌టాపుల్లో సొంత గూగుల్ ప్రొఫైల్‌తో లాగిన్ కాకుండా ఆపేశారు. అంతకు ముందు ఏడాది సిస్కోలో జరిగిందీ ఇంచుమించు ఇదే తంతు. ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా పోయింది, బ్రౌజర్‌లో సింక్ అయిన ఆఫీసు పాస్‌వర్డ్ దాంతో పాటే పోయింది.

ఇక్కడ ఎవరూ కావాలని తప్పు చెయ్యలేదు. "పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటారా?" అని బ్రౌజర్ అడిగింది, "సరే" కొట్టారు. రోజూ మనం చేసేదే. ఆఫీసులో కొట్టిన 'సరే' ఇంట్లో పిల్లాడు గేములు దించుకునే కంప్యూటర్‌ దాకా వెళ్తుందని ఎవరికి తోస్తుంది?

ప్రమాదం అటు నుంచి ఇటు మాత్రమే కాదు. నాకు తెలిసిన ఒకాయన ఎనిమిదేళ్లు ఒకే కంపెనీలో పనిచేశాడు. పీఎఫ్, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు పోర్టల్, ఎల్ఐసీ, అన్ని పాస్‌వర్డ్లూ ఆఫీసు బ్రౌజర్‌లో ఆఫీసు ఖాతా మీదే సేవ్ చేసుకున్నాడు. ఒకరోజు పదిన్నరకి మీటింగు, పదకొండింటికి ల్యాప్‌టాప్ లాక్. ఉద్యోగం పోయిన బాధ ఒకటైతే, వారం రోజులు ఒక్కో సైటుకీ 'ఫర్గాట్ పాస్‌వర్డ్' కొట్టుకుంటూ కూర్చోవడం ఇంకొకటి. కొన్నింటికి రికవరీ మెయిల్ కూడా ఆఫీసుదే ఇచ్చాడట.

చిన్నపాటి పరువు సమస్య కూడా ఉంది. మా టీంలో ఒకతను క్లయింటు మీటింగులో స్క్రీన్ షేర్ చేసి, అడ్రస్ బార్‌లో 'ఎన్' అని ఒక్క అక్షరం కొట్టాడు. బ్రౌజర్ ఎంతో వినయంగా నౌకరీ డాట్ కామ్ అని పూర్తి చేసింది. మేనేజరు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనం మాత్రం రికార్డింగులో ఇంకా ఉంది.

కాబట్టి రెండు చోట్లా వేరు వేరు బ్రౌజర్లు ఉండటం ఐటీ వాళ్ల చాదస్తం అని కొట్టిపారేయకండి. బలవంతంగా మొదలైనదే అయినా ఇప్పుడు అది మీకూ అడ్డుగోడ. ఒకే బ్రౌజర్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. కుకీలు, పాస్‌వర్డ్లు విడివిడిగానే ఉంటాయి, నిజమే. కానీ సాయంత్రం ఏడింటికి అలసిపోయిన కళ్లకి రెండు కిటికీలూ ఒకేలా కనిపిస్తాయి. సొంత ల్యాప్‌టాప్ మీదే ఆఫీసు పని చేసేవాళ్లకి, ఫ్రీలాన్సర్లకి నేను చెప్పేది వేరు బ్రౌజర్ పెట్టుకోమనే. బొమ్మ వేరు, రంగు వేరు, ఎక్కడున్నామో చెయ్యికి కూడా తెలుస్తుంది.

మీది ఆఫీసు ల్యాప్‌టాపే కాబట్టి ఇంకొక్క మాట. ఎడ్జ్ మెనూ తెరిచి అట్టడుగున చూడండి, మీ సంస్థ నిర్వహిస్తోంది అనే అర్థంతో ఒక లైను ఉంటే, పాలసీలన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయని. పైన చెప్పిన ప్రాక్సీ కూడా ఉంటే మీరు తెరిచే పేజీలు వాళ్లకి కనిపించే వీలుంది. సొంత బ్యాంకు, సొంత మెయిల్ ఫోన్లో, మొబైల్ డేటా మీద చూసుకోండి.

మీరు ఇప్పటికే ఆఫీసు మెషీన్‌లో ఎక్కడైనా సొంత ఖాతాతో సింక్ ఆన్ చేసి ఉంటే, ఇంటికెళ్లి మీ గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి, ఆఫీసు సైట్లేవైనా సేవ్ అయ్యాయేమో చూడండి. ఉంటే ముందు ఆఫీసులో ఆ పాస్‌వర్డ్లు మార్చి, తర్వాత ఇక్కడ తీసెయ్యండి. సింక్ ఆపేటప్పుడు ఈ పరికరంలో ఉన్న డేటా కూడా తుడిచెయ్యమంటారా అని అడిగితే దాటెయ్యకుండా టిక్కు పెట్టండి. లేకపోతే సింక్ ఆగుతుంది గానీ, అప్పటిదాకా దిగినవన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి.